రెండో వంతు ఎవరికి దక్కుతుంది? చిన్నపిల్లలతో థీమ్ పార్కుకు వెళ్లే తల్లిదండ్రుల క్యూ లెక్క

క్లుప్తంగా: ఎత్తు చాలని బిడ్డ వెంట ఉంటే తల్లిదండ్రులిద్దరూ కలిసి పెద్ద రైడ్ ఎక్కలేరు, ఒకరి తర్వాత ఒకరు ఎక్కాలి. రైడ్ మూడు నిమిషాల్లో అయిపోతుంది, టైమంతా క్యూలోనే పోతుంది. ఒకే రైడ్ కోసం కుటుంబం రెండుసార్లు లైన్లో నిలబడాల్సి వస్తే రెండోవారి వంతు తరచూ ఎగిరిపోతుంది. రెండోవారు మళ్లీ పూర్తి క్యూ కట్టే పని లేకుండా అమెరికా పార్కుల్లో 'రైడర్ స్విచ్', 'చైల్డ్ స్వాప్' అనే ఉచిత పద్ధతులున్నాయి. ఎత్తు పరిమితి ఇంకా ఎక్కువగా ఉండే మన దగ్గరి పార్కుల్లో, కిక్కిరిసే జాతరల్లో ఇలాంటి ఏర్పాటు మరింత అవసరం.

ఎండాకాలం సెలవులు, దసరా, సంక్రాంతి వచ్చాయంటే నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు నుంచి ఎన్నో కుటుంబాలు హైదరాబాద్ అంచున ఉన్న పార్కులకు బయల్దేరతాయి. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే పక్కనే ఉంది, నల్గొండ నుంచి వచ్చేవారికి చౌటుప్పల్ దాటాక తగులుతుంది. 2016లో రావిర్యాల దగ్గర తెరిచిన వండర్‌లా ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గర. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా వచ్చినా, కల్వకుర్తి నుంచి శ్రీశైలం రోడ్డున వచ్చినా, దేవరకొండ నుంచి మాల్ గ్రామం, ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డున వచ్చినా ఔటర్ ఎక్కితే చాలు. పాత జిల్లా కేంద్రాలైన నల్గొండ, మహబూబ్‌నగర్ రెండింటి నుంచీ హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరుకునే ప్రయాణం కాబట్టి పార్కులో గడిపే ప్రతి గంటకూ విలువ ఉంటుంది.

ఇంకోవైపు, ఈ జిల్లాల నుంచి అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరికి మనవలను చూసుకోవడానికి వెళ్లే అమ్మానాన్నలు ఉన్నారు. ఆ కుటుంబాలు సెలవుల్లో ఫ్లోరిడాలోని ఓర్లాండోకు వెళ్లినప్పుడు 'రైడర్ స్విచ్' అన్న మాట వింటాయి. అది డబ్బు పెట్టి కొనే పాసా, క్యూ తప్పించుకునే దారా, పసిబిడ్డ ఉన్నవారందరికీ ఇస్తారా అన్న అయోమయం అక్కడ మొదలవుతుంది. ఇది అర్థం కావాలంటే ముందు ఎత్తు గీత గురించి, తర్వాత క్యూ గురించి చూడాలి.

## గీత ఎందుకు గీస్తారు

రైడ్ ముందు ఉండే ఎత్తు కొలత బోర్డును చాలామంది వయసు నిబంధనగా అర్థం చేసుకుంటారు. 'మా బాబుకు ఆరేళ్లు నిండాయి, భయపడడు' అని గేటు దగ్గర వాదించడం అందుకే మామూలు. ఆ గీత ధైర్యాన్ని గానీ వయసును గానీ కొలవదు. రైడ్‌లో మనిషిని సీటుకు పట్టి ఉంచే కడ్డీ, భుజాల మీదుగా దిగే కవచం, బెల్టు ఇవన్నీ ఒక కనీస శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని తయారవుతాయి. అంతకన్నా చిన్న శరీరమైతే కడ్డీకి, తొడకు మధ్య ఖాళీ మిగులుతుంది. రైడ్ ఒక్కసారిగా కిందికి జారినప్పుడు, మెలిక తిరిగినప్పుడు బిడ్డ ఆ ఖాళీలోంచి జారిపోవచ్చు.

దీనికి తోడు చిన్నపిల్లల శరీరంలో తల వాటా ఎక్కువ, మెడ కండరాల బలం తక్కువ. పెద్దవాళ్లకు సరదాగా అనిపించే కుదుపు వాళ్ల మెడను గట్టిగా లాగేస్తుంది. సీటు వెనక్కి ఆనుకుని కూర్చుంటే కాళ్లు నేలకు ఆనవు, కాళ్లు ఆనించుకోవాలని ముందుకు జరిగితే వీపు వదులవుతుంది. అందుకే తయారీదారు ఒక్కో రైడ్‌కు ఒక్కో కనీస ఎత్తు నిర్ణయిస్తాడు. అంతర్జాతీయంగా, ప్రమాణాలు రూపొందించే ఏఎస్‌టీఎం అనే సంస్థలోని ఎఫ్24 కమిటీ ప్రమాణాలు, మన దేశంలో ఐఎస్ 15475 భద్రతా ప్రమాణం ఇలాంటి రైడ్ల డిజైను, నిర్వహణ గురించి చెబుతాయి. గేటు దగ్గర నిలబడిన ఉద్యోగి ఆ గీతను సడలించడానికి వీల్లేదు. రెండు సెంటీమీటర్లు తక్కువున్నా వెనక్కి పంపడం అతని బాధ్యత.

ఆ క్షణంలో కుటుంబం రెండు ముక్కలవుతుంది. బిడ్డను బయట ఒంటరిగా వదలడానికి లేదు. కాబట్టి ఒకరు లోపలికి, ఒకరు బయట.

## ఎన్నేళ్లు బయట ఆగాలి

ఈ విభజన ఎంతకాలం సాగుతుందన్నది పార్కు పెట్టిన ఎత్తు మీద ఆధారపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల్లోని మధ్యస్థ ఎత్తుల ప్రకారం మూడేళ్ల బిడ్డ సుమారు 95 సెంటీమీటర్లు, అయిదేళ్ల బిడ్డ 110, ఏడేళ్ల బిడ్డ 121 ఉంటారు. 140 సెంటీమీటర్లు చేరేసరికి పదిన్నరేళ్లు వస్తాయి. ఇవి మధ్యస్థ ఎత్తులు కాబట్టి అంతకన్నా పొట్టిగా ఉండే పిల్లలు ఎందరో ఉంటారు, వాళ్లకు ఇంకా ఆలస్యమవుతుంది.

ఇప్పుడు రైడ్లను ఈ వయసుల పక్కన పెట్టి చూడాలి. ఫ్లోరిడా డిస్నీలో పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని కట్టిన సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కు 97 సెంటీమీటర్లు చాలు, అంటే మూడేళ్లు దాటిన బిడ్డ ఎక్కొచ్చు. స్పేస్ మౌంటెన్‌కు 112 కావాలి, అది అయిదేళ్లు దాటిన వయసు. ఓర్లాండోలోనే ఉన్న యూనివర్సల్ పార్కులోని హల్క్ రోలర్ కోస్టర్‌కు మాత్రం 137 ఉండాలి. మన వైపుకొస్తే వండర్‌లాలో పెద్ద థ్రిల్ రైడ్లకు మామూలుగా అడిగే ఎత్తు 140 సెంటీమీటర్లు. టికెట్టు కూడా ఎత్తును బట్టే ఉంటుంది. 85 సెంటీమీటర్ల లోపు ఉచితం, 85 నుంచి 140 వరకు పిల్లల టికెట్టు, ఆపైన పెద్దల టికెట్టు. 85 అంటే దాదాపు రెండేళ్ల బిడ్డ.

ఈ రెండు లెక్కల మధ్య తేడా చిన్నది కాదు. డిస్నీలో బిడ్డకు అయిదారేళ్లు వచ్చేసరికి కుటుంబమంతా చాలా రైడ్లు కలిసి ఎక్కేస్తుంది. 140 సెంటీమీటర్ల గీత ఉన్న చోట పదేళ్లు దాటేదాకా ఎవరో ఒకరు బయటే ఉండాలి. ఇద్దరు పిల్లలుండి, వాళ్ల మధ్య మూడేళ్ల తేడా ఉంటే, మొదటి బిడ్డ పుట్టినప్పటి నుంచి చిన్నది గీత దాటేదాకా పదమూడేళ్లకు పైనే పడుతుంది. వంతులు వేసుకోవడం ఒక్క ట్రిప్పులో తీరిపోయే ఇబ్బంది కాదని, పెంపకంలోని ఒక పెద్ద దశ అంతటా వెంట వచ్చేదని దీన్నిబట్టి తెలుస్తుంది. పిల్లల రైడ్లు, వాటర్ పూల్స్, కుటుంబమంతా కూర్చునే నెమ్మది రైడ్లు ఈ లెక్కలోకి రావు. ఇబ్బంది పెద్ద రైడ్ల దగ్గరే.

## క్యూ లెక్క

ఉదాహరణకు ఒక పెద్ద రైడ్ దగ్గర గంట క్యూ ఉందనుకుందాం. రైడ్ మూడు నిమిషాలు, ఎక్కి దిగడానికి ఇంకో రెండు. నాన్న వెళ్లి వస్తే 65 నిమిషాలు. తర్వాత అమ్మ మళ్లీ లైను చివర్లో నిలబడితే ఇంకో 65. మొత్తం 130 నిమిషాలు. ఆ రెండు గంటల పది నిమిషాలూ బిడ్డ బయటే ఉంటుంది.

ఇలాంటి పెద్ద రైడ్లు నాలుగు ఎక్కాలనుకుంటే 520 నిమిషాలు, అంటే ఎనిమిదిన్నర గంటల పైమాట. ఏడు గంటలు తెరిచి ఉండే పార్కులో ఇది జరగని పని. అన్నం తినాలి, బిడ్డను పడుకోబెట్టాలి, బట్టలు మార్చాలి. ఏదో ఒకటి వదులుకోక తప్పదు. వదులుకునేది ఎప్పుడూ రెండోవారి వంతే, ఎందుకంటే మొదటివారిది అప్పటికే అయిపోయి ఉంటుంది. ఎవరి మనసులోనూ చెడు లేకపోయినా లెక్కే అటు తోసేస్తుంది.

యూరియా కొరత ఉన్న రోజుల్లో సొసైటీ ముందు రైతులు లైన్లో చెప్పులు పెట్టి చెట్టు నీడన కూర్చోవడం ఈ జిల్లాల్లో అందరూ చూసిందే. మనిషి నిలబడకపోయినా అతని వంతు అక్కడ నిలబడి ఉంటుంది, లైన్లో ఉన్నవాళ్లంతా దాన్ని ఒప్పుకుంటారు. తల్లిదండ్రుల వంతుల పద్ధతికి పునాది అదే. కుటుంబం తరఫున ఒకరు క్యూ పూర్తిగా కడితే, అదే రైడ్‌కు రెండోవారి క్యూ కూడా కట్టినట్టేనని పార్కు ఒప్పుకుంటుంది.

## రెండు రకాల ఏర్పాట్లు

డిస్నీ పార్కుల్లో దీన్ని రైడర్ స్విచ్ అంటారు. కుటుంబమంతా, ఎత్తు చాలని బిడ్డతో సహా, రైడ్ మొదట్లో ఉన్న ఉద్యోగి దగ్గరికి వెళ్లాలి. బిడ్డ ఎదురుగా ఉండాలి, హోటల్లో నిద్రపోతోందంటే కుదరదు. ఉద్యోగి రెండోవారి టికెట్టును స్కాన్ చేసి వంతు నమోదు చేస్తాడు. మొదటివారు మామూలు క్యూలో వెళ్లి రైడ్ ఎక్కుతారు. వాళ్లు బయటికి వచ్చి బిడ్డను అందుకున్నాక రెండోవారు 'లైట్నింగ్ లేన్' అనే పొట్టి దారిలో లోపలికి వెళ్తారు. దీనికి అదనపు డబ్బు లేదు. ఒకప్పుడు కాగితపు పాసు చేతికి ఇచ్చేవారు, ఇప్పుడు టికెట్టుకే డిజిటల్‌గా ఎక్కిస్తారు.

యూనివర్సల్ పార్కుల్లో పేరు చైల్డ్ స్వాప్, పద్ధతి వేరు. అక్కడ కుటుంబమంతా బిడ్డతో కలిసి క్యూలోనే నడుస్తుంది. రైడ్ ఎక్కే చోటుకు ముందు పక్కన ఒక గది ఉంటుంది. ఒకరు బిడ్డతో ఆ గదిలో కూర్చుంటే ఇంకొకరు రైడ్ ఎక్కి దిగి నేరుగా అక్కడికే వస్తారు, అక్కడే మారతారు. లెగోలాండ్‌లో 'పేరెంట్ స్వాప్', నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్‌లో 'బేబీ స్విచ్' అని అంటారు. పేరు ఏదైనా సూత్రం ఒకటే, కుటుంబం క్యూ ఒకసారే కడుతుంది.

పైన అనుకున్న గంట క్యూనే తీసుకుంటే డిస్నీ పద్ధతిలో మొదటివారికి 65 నిమిషాలు, రెండోవారికి పొట్టి దారిలో ఓ 15, మొత్తం 80. యూనివర్సల్ పద్ధతిలో అందరికీ కలిపి గంట క్యూ, ఆపైన రెండు రైడ్లకు పది నిమిషాలు, మొత్తం 70. అంకెల్లో యూనివర్సల్ పద్ధతి కొంచెం నయం. బిడ్డ వైపు నుంచి చూస్తే మాత్రం లెక్క మారిపోతుంది. డిస్నీ పద్ధతిలో బయట ఉన్నవారు ఆ గంటలో బిడ్డకు పాలు పట్టొచ్చు, డైపర్ మార్చొచ్చు, పక్కనున్న చిన్న రైడ్ ఎక్కించొచ్చు. బిడ్డ తల్లి భుజం మీద నిద్రపోవచ్చు. యూనివర్సల్ పద్ధతిలో బిడ్డ గంటసేపు లైన్లోనే ఉండాలి, స్ట్రోలర్ చాలా చోట్ల క్యూలోకి రాదు, ఎత్తుకోవాలి. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య పిల్లలకు ఇదే కష్టమైన వయసు. నడవాలని ఉంటుంది, ఒకచోట నిలబడమంటే ఏడుస్తారు. పసికందుకు, నాలుగేళ్లు దాటిన బిడ్డకు యూనివర్సల్ పద్ధతి ఇబ్బంది కాకపోవచ్చు. మధ్య వయసుకు డిస్నీ పద్ధతే మేలు.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. రైడర్ స్విచ్ క్యూను మొత్తంగా తప్పించదు. మొదటివారు అందరిలాగే నిలబడాల్సిందే. తిరుమలలో ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులను సుపథం అనే ప్రత్యేక దారిలో దర్శనానికి పంపినప్పుడు కుటుంబం మొత్తానికీ పొడవాటి క్యూ తప్పుతుంది. రైడర్ స్విచ్‌లో అలాంటి మినహాయింపు లేదు. అలాగే ఇది పసిబిడ్డ ఉందని ప్రతి రైడ్‌కూ ఇచ్చే సౌకర్యం కూడా కాదు. బిడ్డ ఎక్కగలిగి, ఎక్కడానికి ఇష్టపడే రైడ్‌కు స్విచ్ అడగాల్సిన పని లేదు, అందరూ కలిసే ఎక్కొచ్చు.

## మిగతా క్యూకు నష్టమా

పార్కు ఉచితంగా ఎందుకు ఇస్తుందన్న ప్రశ్నకు జవాబు క్యూలోనే ఉంది. రెండు నిమిషాలకోసారి 24 మందిని తీసుకెళ్లే రైడ్ గంటకు 720 మందిని మోస్తుంది. గంటలో ఇరవై మంది తల్లిదండ్రులు పొట్టి దారిలో వచ్చారనుకుంటే మామూలు క్యూకు 700 సీట్లు మిగులుతాయి. 720 మంది ముందున్న క్యూ అప్పుడు 60 నిమిషాల బదులు 62 నిమిషాల లోపే కదులుతుంది. లైన్లో నిలబడ్డ మనిషికి ఆ తేడా తెలియను కూడా తెలియదు. పైగా ఆ ఇరవై మందిలో కొందరు స్విచ్ లేకపోయినా లైను చివర్లో నిలబడేవారే, వాళ్లు కొత్తగా పెంచిన బరువేమీ లేదు.

బరువు పెరిగేది రెండు చోట్ల. ఒకటి, పెద్ద బిడ్డ నాన్నతో ఒకసారి, అమ్మతో ఇంకోసారి ఎక్కినప్పుడు. ఇది పెద్ద బిడ్డకు దక్కే అదృష్టం, తమ్ముడికో చెల్లెకో ఎక్కువ సమయం ఇస్తున్నారన్న చిన్న అలకను తీర్చే అవకాశం కూడా. కానీ ప్రతి కుటుంబం వెంట నలుగురైదుగురు బంధువుల పిల్లలు రెండోసారి ఎక్కితే లెక్క తప్పుతుంది. అందుకే వెంట వచ్చేవారి సంఖ్య మీద పార్కులు పరిమితి పెడతాయి. రెండోది, పాసు చేతులు మారడం. కాగితపు పాసు ఉన్నప్పుడు దాన్ని దాచుకుని వేరే సమయంలో, వేరే మనిషికి ఇవ్వడం సులువు. టికెట్టుకే కట్టేసే డిజిటల్ పద్ధతి ఆ దారిని చాలావరకు మూసేసింది. ఇలాంటి సౌకర్యాలు పక్కదారి పట్టడం ఊహ కాదు. దివ్యాంగుల కోసం ఉన్న ప్రత్యేక ప్రవేశం దుర్వినియోగమవుతోందన్న విమర్శలు వచ్చాక డిస్నీ 2013లో ఆ విధానాన్నే మార్చింది.

ఫాస్ట్‌ట్రాక్ టికెట్టుతో దీన్ని కలపకూడదు. వండర్‌లాలో గానీ ఇంకో చోట గానీ ఫాస్ట్‌ట్రాక్ అంటే ఎక్కువ డబ్బు పెట్టి చిన్న క్యూ కొనుక్కోవడం. ఇద్దరికీ కొంటే వంతుల సమస్య తీరుతుంది, జేబు మీద భారం పడుతుంది. టికెట్టు మీద ఎలాగూ 18 శాతం జీఎస్టీ ఉంది. ఇక 'సింగిల్ రైడర్' లైను అనేది ఖాళీగా మిగిలిన ఒక్క సీటును ఒంటరి మనిషితో నింపే పద్ధతి. ఎలాగూ విడివిడిగా ఎక్కే తల్లిదండ్రులకు అది బాగా పనికొస్తుంది, ఉన్న చోట వాడుకోవాలి.

## రెండో వంతు ఎలా పోతుంది

వంతు మొదట ఎవరిదన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. మన కుటుంబాల్లో అది అనుకోకుండానే తేలిపోతుంది. నాన్న, బాబాయి, మామయ్య, పెద్ద పిల్లలు లైన్లోకి వెళ్తారు. అమ్మ చేతిలో బిడ్డ, భుజాన సంచి, పక్కన నీళ్ల బాటిళ్లు, పులిహోర డబ్బా మిగులుతాయి. 'మీరు పోయి రండి, నేను తర్వాత పోతా' అన్న మాట ఆమె నోటి నుంచే వస్తుంది. వాళ్లు వచ్చేసరికి బిడ్డకు ఆకలి, తర్వాత నిద్ర, తర్వాత సాయంత్రం. ఆ 'తర్వాత' రాదు. ఒకే టికెట్టుతో అన్ని రైడ్లూ ఎక్కే పార్కులో ఆమెకు కూడా పెద్దల టికెట్టే కొన్నారు. ఎక్కని రైడ్ల డబ్బు కూడా అందులోనే ఉంది.

దుస్తులు ఇంకో కారణం. చీర, చున్నీ వేలాడుతుంటే చాలా రైడ్లకు అభ్యంతరం చెబుతారు, చక్రాల్లో చిక్కుకునే ప్రమాదం నిజమైనది. వాటర్ రైడ్లకు చాలా చోట్ల నైలాన్ లాంటి బట్టలే వేసుకోవాలంటారు. ఇంటి దగ్గరే ఇది ఆలోచించకపోతే తల్లి వంతు పార్కు గేటు దగ్గరే రద్దయినట్టు. గర్భిణులు, ఇటీవల ఆపరేషన్ అయినవాళ్లు, గుండె, వెన్ను సమస్యలున్నవాళ్లు పెద్ద రైడ్లు ఎక్కకూడదన్న హెచ్చరిక ఎక్కడైనా ఉంటుంది, అది వేరే సంగతి.

నానమ్మ, అమ్మమ్మ, తాతయ్య వెంట వస్తే తల్లిదండ్రులిద్దరూ కలిసే ఎక్కొచ్చు. ఉమ్మడిగా బయల్దేరే అలవాటు ఉన్న మన ఊళ్లలో ఇది పెద్ద అండ. అయితే పెద్దవాళ్లకూ లోపలికి టికెట్టు కావాలి, ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండలో రోజంతా మనవణ్ని ఎత్తుకుని కూర్చోవడం వాళ్లకు తేలిక కాదు. నల్గొండ ఎండ తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లు ఒకటి రెండు రైడ్లకు బిడ్డను చూసుకుని, మిగతావాటికి తల్లిదండ్రులు వంతులు వేసుకుంటే అందరికీ కాస్త ఊపిరి ఆడుతుంది.

## జాతర మైదానంలో

పార్కుల కన్నా ఎక్కువ కుటుంబాలకు అందుబాటులో ఉండేవి జాతరలే. కురుమూర్తి, మన్యంకొండ, చెర్వుగట్టు, సూర్యాపేట దగ్గర పెద్దగట్టు జాతరల్లో దుకాణాల వెనుక జెయింట్ వీల్, కొలంబస్, బ్రేక్ డ్యాన్స్ లేస్తాయి. ఇక్కడ రైడ్‌కో టికెట్టు. కాబట్టి ఎక్కని రైడ్‌కు డబ్బు పోదు. ఆ లెక్కన జాతర నయం. ఎత్తు గీత విషయంలో మాత్రం పార్కే నయం. జాతర మైదానంలో గీత లేకపోతే నిర్ణయం పూర్తిగా తల్లిదండ్రుల మీదే పడుతుంది.

ప్రమాదకరమైన అలవాటు ఒకటి ఇక్కడే కనిపిస్తుంది. ఒకరు కింద ఆగడం ఇష్టం లేక, లేదా బిడ్డ ఏడుస్తోందని, ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎక్కుతారు. అడ్డు కడ్డీ పెద్దమనిషి తొడల మీద ఆగుతుంది, ఒళ్లోని బిడ్డను పట్టేది తల్లి చేతులు మాత్రమే. కొలంబస్ పైకి లేచి వెనక్కి ఊగినప్పుడు ఒళ్లోని బరువు ఒక్క క్షణం తేలిపోయినట్టవుతుంది, ఆ క్షణంలో చేతి పట్టు సరిపోదు. 2025 జనవరిలో హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఒక రైడ్ మధ్యలో ఆగిపోయి మనుషులు తలకిందులుగా వేలాడారు. యంత్రం ఆగిపోయే అవకాశం ఎక్కడైనా ఉంటుంది. అప్పుడు ఒళ్లో బిడ్డ ఉండకూడదు, కింద బిడ్డతో ఒకరు ఉండాలి.

వంతులు మార్చుకోవడానికి జెయింట్ వీల్ చాలా అనువైనది. అది ఒక్కో తొట్టినే కిందికి తెచ్చి, అందులోవాళ్లను దించి, అదే చోట కొత్తవాళ్లను ఎక్కిస్తుంది. నాన్న దిగిన తొట్టిలోనో, దాని తర్వాతి తొట్టిలోనో అమ్మ కూర్చోవచ్చు, ఎవరి వంతూ పోదు. ఆపరేటర్‌కు ముందే రెండు టికెట్లు చూపించి 'ఈయన దిగగానే నేను ఎక్కుతా' అని చెబితే సరిపోతుంది. బిడ్డను మాత్రం ఆ తొట్టి పక్కన, తిరిగే చక్రం కింద చేతులు మార్చుకోకూడదు. దిగినవారు కంచె బయటికి వచ్చి బిడ్డను అందుకోవాలి, ఆ తర్వాతే రెండోవారు లోపలికి. ఒక తొట్టి అటూ ఇటూ అయినా నష్టం లేదు. కొలంబస్, బ్రేక్ డ్యాన్స్ దగ్గర అందరూ ఒకేసారి దిగి, ఒకేసారి ఎక్కుతారు. అక్కడ వెంటనే వచ్చే బ్యాచ్‌లో సీటు ఉంచమని అడగాలి.

జాతర నిర్వాహకులు, పంచాయతీలు రైడ్లకు అనుమతి ఇచ్చేటప్పుడు ఒక ఎత్తు బోర్డు, దిగే దారి దగ్గర నీడలో రెండు బల్లలు అడిగితే పెద్ద ఖర్చేమీ కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల పార్కులకైతే ఇంకా సులువు. టికెట్టు బ్యాండు చేతికి కట్టే చోట బిడ్డ ఎత్తు తెలిసిపోతోంది. అక్కడే తల్లిదండ్రులిద్దరి బ్యాండ్లకు ఒక గుర్తు వేస్తే, రైడ్ దగ్గర వాదన లేకుండా రెండోవారిని దిగే దారి వైపు నుంచి పంపొచ్చు.

## బయల్దేరే ముందు

పిల్లల ఎత్తును ఇంటి దగ్గర చెప్పులు లేకుండా గోడకు ఆనించి కొలిచి రాసుకుంటే గేటు దగ్గర ఏడుపు తప్పుతుంది. పెద్దోడు ఎక్కగలడు, చిన్నది ఎక్కలేదు అని ముందే తెలిస్తే, ఏయే రైడ్లకు వంతులు కావాలో ముందే తేల్చుకోవచ్చు. ఇద్దరూ తప్పక ఎక్కాలనుకునే రైడ్లు రెండో మూడో ఎంచుకుంటే చాలు. వాటికి పార్కు తెరవగానే, క్యూ పెరగక ముందే వెళ్లాలి. రైడ్ మొదట్లో ఉన్న ఉద్యోగిని బిడ్డను చూపిస్తూ 'ఒకరి తర్వాత ఒకరం ఎక్కుతాం, రెండోవాళ్లు మళ్లీ లైను కట్టాలా?' అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. బోర్డు మీద రాసి లేని వెసులుబాటు అడిగితే దొరకొచ్చు. అడగకపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు.

మొదటి రైడ్ అమ్మదని పొద్దునే అనుకోవడం అన్నిటికన్నా తేలికైన మార్పు. పొద్దున క్యూ చిన్నది, బిడ్డ అలసిపోలేదు, సంచి ఇంకా సర్ది ఉంది. మధ్యాహ్నం నిద్ర వేళకు ఎవరో ఒకరు ఎలాగూ బయట ఆగాలి, ఆ వేళను నాన్నకు వదిలితే సాయంత్రానికి ఇద్దరి లెక్కా సరిపోతుంది. లోపలికి వెళ్లేవారి ఫోను లాకర్‌లో ఉంటుంది కాబట్టి ఎక్కడ కలవాలో మాటతోనే తేల్చుకోవాలి. 'ఎగ్జిట్ దగ్గర' అంటే సరిపోదు, కొన్ని రైడ్లకు దిగే దారి ఎక్కే దారికి చాలా దూరంలో తేలుతుంది. ఎదురుగా కనిపించే దుకాణమో చెట్టో పేరు పెట్టి చెప్పుకోవాలి. పాల సీసా, డైపర్లు, బిడ్డ మందు ఎవరి దగ్గర బిడ్డ ఉంటే వాళ్ల దగ్గరే ఉండాలి. బిడ్డతో పాటు సంచి కూడా చేతులు మారాలి.